పొడుగు హోస్ ఇరుక్కోకుండా ఇలా సర్దాను

యానాం దగ్గర వరద గోదారిలో స్కూబా డైవింగ్‌కి దిగితే మొహం ముందు పెట్టుకున్న గేజీ కూడా కనపడదు. సిలిండర్ నుంచి నోటికి గాలి తెచ్చే గొట్టాలు, అంటే హోసులు, తడిమితే చేతికందాలి. అద్దెకు తెచ్చిన జంట సిలిండర్ల సెట్లో 7 అడుగుల హోస్ ఎడమ వాల్వుకుంది. పైగా బ్యాకప్ (రెండో నోటి ముక్క) హోస్ కింద ఇరుక్కుంటోంది. పక్కవాడికి గాలి ఇద్దామంటే రాదు.

విప్పి కుడి వాల్వుకు మార్చాను. ముందుకు ఈదుతూ పైన దేనికైనా రాసుకుంటే ఎడమ వాల్వు తిప్పే నాబ్ మూసుకునే వైపు తిరుగుతుంది, కుడిది తెరుచుకునే వైపు. ప్రాణం నిలిపే హోస్ కుడివైపే ఉండాలి. అక్కణ్ణుంచి నేరుగా కిందికి, మిగులు నడుం బెల్టులో దోపి, ఛాతీ మీదుగా ఎడమ భుజం, మెడ వెనక నుంచి నోటికి. పొట్టి హోసున్న బ్యాకప్ రబ్బరు తాడుతో గడ్డం కింద. ముందు బ్యాకప్ మెళ్లో వేసుకున్నాకే పొడుగుది చుట్టాలి.

పడవ మీదే కళ్లు మూసుకుని, నోట్లోది తీసి తమ్ముడికి చాచి ఇస్తాను. హోస్ పూర్తిగా విడివడి వస్తేనే దిగుతాం.