మిరుగు లోపే గట్టు చూడాలి: సలహా ముందు, తనిఖీ తర్వాత

మిరుగు (మృగశిర) కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో రాజురా, జివతి వైపు వాలు చేలలో పత్తి, కంది వేసే మనకు అసలు ప్రమాదం మొదటి రెండు మూడు గట్టి వానలతోనే. అప్పటికి దుక్కి గుల్లగా ఉంటుంది, మొలక నేలను కప్పి ఉండదు. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మట్టి కొట్టుకుపోయినా నాలుగు ఘనమీటర్లు, అంటే దాదాపు ఒకటిన్నర బ్రాసు (బ్రాసంటే వంద ఘనపుటడుగులు). కంటికి ఆనదు కాబట్టి ఎవరికీ టెన్షన్ ఉండదు.

ముందుగా సహాయక్ కృషి అధికారులకు (ఇదివరకు కృషి సహాయక్‌లు అనేవాళ్లం, ఊళ్లలో తిరిగే వ్యవసాయ శాఖ ఉద్యోగులు), నేల, నీటి సంరక్షణ చూసే ఊరి వాటర్‌షెడ్ కమిటీ వాళ్లకు. మే నెలలోనే రైతును వెంటబెట్టుకుని చేను తిరగండి. నీళ్లు పైనుంచి వస్తాయి కాబట్టి పై చేను నుంచే మొదలుపెట్టండి. వాలుకు అడ్డంగా దున్నడం, అడ్డంగానే విత్తడం, పత్తి కట్టె కాల్చకపోవడం, తెగిన గట్టు పూడ్చడం, మిగులు నీళ్లు పోయేచోట రాళ్లు పేర్చడం: వీటిలో ఆ చేనుకు కావాల్సిన రెండు మూడు పనులే రాసివ్వండి. తెలుగు ఇంట్లో మరాఠీ నోటీసు చదివేవాళ్లు లేకపోతే తెలుగులోనే రాయండి.

ఒకటి మాత్రం మరవకండి. రైతు తనంతట తానే తెగిన గట్టు చూపిస్తే ఆ రోజు కేసు రాయకండి. రాశారంటే వచ్చే ఏడాది ఊళ్లో ఎవరూ ఏదీ చూపించరు.

అలాగని సలహాతో ఆగిపోకూడదు. ఇంగ్లండ్‌లో 2018లో నేల, నీటి రక్షణకు వ్యవసాయ నిబంధనలు తెచ్చారు. మొదటి ఏళ్లలో అమలు సలహాల దగ్గరే ఆగిపోయిందని అక్కడ విమర్శలొచ్చాయి. అందుకే మొదటి గట్టి వాన పడ్డ ఒకటి రెండు రోజుల్లో, సలహా ఇచ్చిన మనిషే మళ్లీ వెళ్లాలి. చాళ్లు కోసుకుపోయాయా, కింది చేనులో మట్టి మేట వేసిందా చూడాలి. చెప్పింది చేసినా గట్టు తెగిన రైతుకు ఇంకా సాయం కావాలి. చేయడానికి డబ్బు లేనివాళ్లకు ఉపాధి పనుల్లో చోటు చూడాలి. కానీ చేను పెంచుకోవడానికి ఉమ్మడి గట్టును ట్రాక్టర్‌తో దున్నేసినవాళ్లకు, నీళ్లను పక్క చేను మీదికి మళ్లించినవాళ్లకు నోటీసు ఇవ్వాల్సిందే. అది పెద్ద రైతు చేనైతే ముందు అక్కడికే వెళ్లండి. చిన్నవాళ్ల దగ్గర మొదలుపెట్టిన తనిఖీని ఊరు నమ్మదు.

రైతులకు. తనిఖీకి వస్తున్నారంటే తప్పించుకోకండి, సాత్‌బారా (7/12 భూమి కాగితం) పట్టుకుని చేను దగ్గరే ఉండండి. వానకు ముందే గట్టు ఫోటోలు తీసి పెట్టుకోండి. గట్టు పూడ్చడానికి వాగు ఒడ్డు తవ్వకండి, ఒడ్డు విరిగి చేనే పోతుంది. అనుమతి లేకుండా మొరం తవ్వితే మహారాష్ట్ర 1966 భూ రెవెన్యూ కోడ్ కింద జరిమానా కూడా పడుతుంది.

మన జివతి, తెలంగాణలోని కెరమెరి మధ్య సరిహద్దు వివాద గ్రామాల్లో రెండు రాష్ట్రాల అధికారులూ వస్తారు. ఒకరు రాసిచ్చిన కాగితం రెండోవాళ్లకు చూపించండి. మాట తేడా వస్తే ఇద్దరినీ ఒకే గట్టు మీదికి పిలవండి.

గడువు సంగతి. తెగిన గట్టుకు జులైలో తేదీ పెట్టకండి. తడిసిన రేగడిలో ట్రాక్టర్ దిగదు, దిగినా చక్రాల కింద నేల గట్టిపడిపోతుంది. అప్పటికి రాళ్లు, పత్తి కట్టె అడ్డం వేయించి, పక్కా పనికి పంట తీసిన తర్వాతి తేదీ రాయండి.