లైట్ షీట్ మైక్రోస్కోప్‌లో సాంపిల్ కిందికి జారుతోందా? ముందు బల్ల దగ్గర వేడి ఎంతుందో చూడండి

సమస్య: జీబ్రా చేప పిండాన్ని అగరోజ్ అనే జెల్‌తో సన్నని గాజు గొట్టంలోకి (క్యాపిలరీ) ఎక్కించి, ప్లంజర్‌తో జెల్‌ని కొంత బయటికి నెట్టి నీళ్ల చాంబర్‌లో వేలాడదీశారు. అమర్చినప్పుడు పిండం ఫ్రేమ్ మధ్యలోనే ఉంది. గంట తర్వాత చూస్తే కిందికి దిగిపోయింది. టైమ్ లాప్స్ సగం ఖాళీ.

చాలామంది వెంటనే స్టేజ్‌ని (సాంపిల్‌ని పట్టి కదిపే భాగం) అనుమానిస్తారు, డ్రిఫ్ట్ (ఈ జారుడు) సరిచేసే సాఫ్ట్‌వేర్ వెతుకుతారు. దయచేసి ముందు ఇది తేల్చుకోండి: కదులుతున్నది పిండమా, జెల్లా? అగరోజ్‌లో కొద్దిగా ఫ్లోరెసెంట్ బీడ్స్ (వెలుగులో మెరిసే సూక్ష్మ పూసలు) కలిపి ఉంచితే ఇట్టే తెలిసిపోతుంది. బీడ్స్ నిలకడగా ఉండి పిండమే కదిలితే మత్తు చాలలేదని అర్థం. ట్రైకెయిన్ అనే మత్తుమందు ఒక్క అగరోజ్‌లోనే వేస్తే సరిపోదు, అది మెల్లగా చాంబర్ నీళ్లలోకి వెళ్లిపోతుంది. ఆ నీళ్లలోనూ వేయాలి. బీడ్స్, పిండం కలిసి దిగుతుంటే తప్పు జెల్‌ది. ప్లంజర్‌కీ అగరోజ్‌కీ మధ్య గాలి బుడగ ఉందేమో చూడండి. ఉంటే మళ్లీ కొత్తగా ఎక్కించాల్సిందే.

బుడగ లేదు, అయినా దిగుతోంది. విశాఖలో దీనికి నేను మళ్లీ మళ్లీ చూసిన కారణం ఒకటే: అగరోజ్ పూర్తిగా పేరుకోలేదు.

మామూలు లో మెల్టింగ్ (తక్కువ వేడికే కరిగే) అగరోజ్ పేరుకునేది 26–30 డిగ్రీల మధ్య. ప్రోటోకాల్‌లో "గది ఉష్ణోగ్రతలో కొన్ని నిమిషాలు ఉంచండి" అని రాసి ఉంటుంది. ఆ గది 20–25 డిగ్రీల గది. ఇక్కడ మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే గది 30 దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఏసీ నడుస్తున్నా రిమోట్ మీది అంకెని నమ్మకండి. అది 22 చూపిస్తుంటే, క్యాపిలరీ పెట్టిన చోట, హీట్ బ్లాక్ (అగరోజ్‌ని కరిగి ఉంచే వేడి పరికరం) పక్కన, 28 ఉండొచ్చు. అయినా బయటికి నెట్టగానే జెల్ కడ్డీలా నిలబడుతుంది, అందుకే అందరూ మోసపోతారు. ఆ మెత్తని జెల్ చాంబర్‌లో వేలాడుతూ కొద్దికొద్దిగా సాగుతుంది, గాజు మీద పట్టు వదిలి జారుతుంది. చాంబర్ కూడా 28.5 డిగ్రీలే కాబట్టి లోపలికి వెళ్లాక గట్టిపడుతుందన్న ఆశ లేదు.

పరిష్కారం: థర్మామీటర్‌ని గోడకి కాదు, క్యాపిలరీ పెట్టే చోటే ఉంచండి. అక్కడ 24 దాటితే క్యాపిలరీని పెట్రీ డిష్‌లో పెట్టి, 20–22 డిగ్రీల నీళ్ల మీద పది నిమిషాలు తేలనివ్వండి. బతికున్న పిండాలని ఫ్రిజ్‌లోనో ఐస్ మీదో పెట్టొద్దు, ఎదుగుదల మందగించి మీ టైమింగ్ అంతా తప్పుతుంది. ఫిక్స్ చేసినవైతే (రసాయనంతో భద్రపరిచిన, ప్రాణం లేనివి) ఫ్రిజ్‌లో పెట్టినా ఫర్వాలేదు.

"చల్లబరిచి పేరబెట్టినా 28.5లో మళ్లీ కరిగిపోదా?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. కరగదు. ఇది నెయ్యి లాంటిది కాదు. ఒకసారి సరిగా పేరుకున్నాక మళ్లీ కరగాలంటే దాదాపు 65 డిగ్రీలు కావాలి. అందుకే ముందు చల్లగా పేరబెట్టడం, ఆ తర్వాతే చాంబర్. చాంబర్‌లో పెట్టాక అరగంట ఆగి రికార్డింగ్ మొదలుపెట్టండి, వేడి సర్దుకునేలోపు కొంత కదలిక ఎలాగూ ఉంటుంది.

అగరోజ్ డబ్బా మీద జెల్లింగ్ టెంపరేచర్ కూడా చదవండి. పొరపాటున అల్ట్రా లో జెల్లింగ్ రకం వచ్చి ఉంటే 17 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగితే గానీ పేరుకోదు. బతికున్న చేపలకి దాన్ని పక్కన పెట్టేయండి.

మిగతావి అరుదు. బొమ్మ వంకరగా వస్తే సాంపిల్ ఇంకా గాజులోనే ఉందన్నమాట, బయటికి నెట్టండి. చారలు పడితే అగరోజ్‌లో బుడగలు. స్టేజ్ నిజంగా పాడైతే బీడ్స్ మాత్రమే ఉన్న గట్టి జెల్ కూడా దిగుతుంది, అప్పుడు సర్వీస్ ఇంజినీర్‌ని పిలవండి. రాత్రంతా పిండం ఎదుగుదల చూడాలంటే మాత్రం 1 శాతం అగరోజ్ ఉన్న జెల్ దాన్ని నొక్కేస్తుంది. ఎఫ్‌ఈపీ అనే పారదర్శక ప్లాస్టిక్ ట్యూబులో 0.1 శాతం అగరోజ్ పోసి, అడుగున గట్టి అగరోజ్‌తో బిరడా వేసి పెట్టండి.