ఓడ వదలాల్సి వస్తే లైఫ్‌రాఫ్ట్ ఎలా వాడాలి?

బావిలో బెండ్లు కట్టుకొని ఈత నేర్చి, ఓడ ఉద్యోగానికి పోయే నల్లగొండ, పాలమూరు పిల్లలకు ముందే ఒక మాట: సముద్రంలో ఈత కన్నా తాడు ముఖ్యం.

ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే దళసరి బట్టలు తొడుక్కొని, పైన లైఫ్‌జాకెట్ కట్టుకొని మస్టర్ స్టేషన్‌కు, అంటే ఆపదలో అందరూ గుమిగూడే చోటికి, చేరండి. ఓడ వదలమని కెప్టెన్ చెప్పాలి. వీలుంటే లైఫ్‌బోటే మేలు, దానికి ఇంజిను ఉంటుంది. కానీ కొక్కేలు సరిగ్గా పడక డ్రిల్లులోనే బోటు జారిపడి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పైగా ఓడ 20 డిగ్రీలకు మించి ఒరిగితే బోటు దిగుతుందన్న నమ్మకం లేదు.

అప్పుడు దిక్కు లైఫ్‌రాఫ్ట్, అంటే గ్యాస్‌తో ఉబ్బే తెప్ప. అది ఫైబర్ పీపాలో మడిచి ఉంటుంది. దాన్నుంచి వచ్చే తాడును పెయింటర్ అంటారు. అది ఓడకు కట్టి ఉందా, కింద నీళ్లలో మనుషులున్నారా చూశాకే పీపాను నెట్టండి. పడగానే ఉబ్బలేదని వదిలేయొద్దు. తాడు 15 మీటర్లకు తక్కువుండదు. అంతా లాగి, చివర్లో గట్టిగా ఒక్క గుంజు గుంజితేనే సిలిండర్ తెరుచుకుంటుంది. ఉబ్బాక బుస్సుమంటే పంక్చర్ కాదు, ఎక్కువైన గ్యాస్ పోతోందంతే.

తలకిందులుగా ఉబ్బితే సిలిండర్ వైపును గాలివాలుకు తిప్పి, దానిమీద నిలబడి, అడుగు పట్టీని గుంజుతూ వెనక్కి వాలండి. అవతలి అంచును గాలే లేపుతుంది.

ఎవరూ విప్పకముందే ఓడ మునిగితే 1.5 నుంచి 4 మీటర్ల లోతులో, నీటి ఒత్తిడికి తెరుచుకునే హైడ్రోస్టాటిక్ రిలీజ్ పీపాను వదులుతుంది. రాఫ్ట్ పైకి తేలి ఉబ్బాక, పెయింటర్‌ను ఓడకు కలిపే, కావాలనే బలహీనంగా చేసిన వీక్ లింక్ తెగాలి. పెయింటర్‌ను ఆ లింకుకు కాకుండా నేరుగా డెక్‌కు కట్టి ఉంటే, మునిగే ఓడ రాఫ్ట్‌నూ లాక్కుపోతుంది. ఓడెక్కిన రోజే ఈ ముడి చూసుకోండి.

అందరూ ఎక్కాక, గుమ్మం దగ్గరుండే కత్తితో తాడు కోసి, ఓడకు దూరం జరిగి, రాఫ్ట్ కొట్టుకుపోకుండా నీళ్లలో పట్టి ఉంచే సీ యాంకర్ వేయండి. అది లేని రాఫ్ట్ కృష్ణలో తెడ్డు లేని పుట్టే. వికారం లేకున్నా వాంతులు ఆపే మాత్ర వెంటనే మింగాలి. రాఫ్ట్‌లో తలకు లీటరున్నర నీళ్లే ఉంటాయి, వాంతి ఒంట్లో నీరు లాగేస్తుంది. గాయపడ్డవారికి తప్ప మొదటి 24 గంటలు నీళ్లివ్వరు. మన ఎండలకు అలవాటైనవాళ్లకైనా ఇది కష్టమే, అయినా ఉప్పునీళ్లు ముట్టొద్దు. సాయం కోసం పైకి వదిలే వెలుగు గుర్తులైన పారాచూట్ రాకెట్లు నాలుగే. ఓడో విమానమో కనిపించి, వాళ్లకూ మనం కనిపిస్తామనుకున్నప్పుడే వెలిగించండి.