సుంకి ఘాట్ ఎక్కాలంటే: కరెంటు కారు కొనే ముందు

పెట్రోలు కారు అమ్మేసి కరెంటు కారు కొనవచ్చా అని అడిగేవారిని, విశాఖపట్నం ఎన్నాళ్లకొకసారి వెళ్తారని ముందు అడుగుతాను. ఒడిశాలోని కోరాపుట్‌లో ఇళ్లకు వైరింగ్ చేసే పని నాది. కారు గురించి అడగడానికి వచ్చినవారు చివరికి మీటరు దగ్గర తేలుతారు.

షోరూములో చెప్పే రేంజిని, అంటే ఒక ఛార్జికి వెళ్లే దూరాన్ని, పక్కన పెట్టి మీరే లెక్క వేసుకోండి. 24 యూనిట్ల బ్యాటరీ, యూనిట్‌కు సుమారు 7 కిలోమీటర్లు. విశాఖ నుంచి తిరిగి వచ్చేటప్పుడు సాలూరు నుంచి కోరాపుట్‌కు సుంకి ఘాట్ అనే కొండదారి మీదుగా 700 మీటర్లకు పైగా ఎక్కాలి. మనుషులతో కలిపి టన్నున్నర బరువును అంతెత్తుకు చేర్చడానికే దాదాపు 3 యూనిట్లు, మోటారు నష్టాలు అదనం. చదునుగా ఉన్న రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు నడిపే కరెంటును ఘాట్ మింగేస్తుందన్నమాట. చిన్న బ్యాటరీ కారైతే, సాలూరులో ఛార్జి మూడింట రెండు వంతులకు తక్కువ ఉంటే పైకి బయలుదేరకండి.

దిగేటప్పుడు కొంత కరెంటు తిరిగి వస్తుంది, బ్యాటరీలో చోటుంటేనే. కోరాపుట్ వారికి సుంకి చేరేలోపే కాస్త ఖాళీ అవుతుంది. ఘాట్‌కు దగ్గరలో ఉండే పొట్టంగి వారు మాత్రం రాత్రి 80 శాతం దగ్గరే ఆపుకోవాలి. నిండు బ్యాటరీతో ఘాట్ దిగితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఇక అసలు సంగతి ఇల్లు. సాయంత్రం అందరి ఇళ్లలో ఫ్యాన్లు, మోటార్లు తిరిగే వేళ మల్టీమీటరుతో ఓల్టేజి చూడండి. 180కి పడిపోతుంటే ఛార్జింగు నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. తర్వాత న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య కొలవండి. రెండు మూడు ఓల్టులు మించితే ఎర్తింగ్ మీద అనుమానపడాలి. మన రాతినేలలో ఎర్త్ గుంత వేసవిలో ఎండిపోతుంది, ఛార్జరేమో ఎర్త్ సరిగా లేకపోతే మొరాయిస్తుంది. గుంతలో నీళ్లు పోయించండి, అయినా కుదరకపోతే కొత్తది తవ్వించండి. మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే ఆపే స్విచ్చు), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చు) పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో మాత్రం వద్దు. రాత్రంతా వేడెక్కి ప్లగ్గు నల్లబడటం నేను చూస్తూనే ఉంటాను.

ఖర్చు సంగతి తేలికే: ఇంట్లో ఛార్జి చేసుకుంటే కిలోమీటరుకు రూపాయి అటూఇటూ, పెట్రోలుకు ఆరేడు. సునాబెడ, జయపురం దాకా రోజూ తిరిగేవారు నిశ్చింతగా కొనవచ్చు. ఇంట్లో ఒక్కటే కారు, నెలనెలా ఆసుపత్రి పని మీద విశాఖ వెళ్లాలంటే ఇప్పటికి పెట్రోలే ఉంచుకోమంటాను. అద్దె ఇంట్లో ఉంటే, ఆ తీగ లాగడానికి యజమాని ఒప్పుకున్నాకే కారుకు అడ్వాన్సు కట్టండి.