పాముల వంశవృక్షం చదవడం – 4వ పాఠం: పాత సంకరాన్ని పట్టుకునే లెక్క

అమెరికా తూర్పు ప్రాంతపు ర్యాట్ స్నేక్‌లతో మొదలుపెడదాం. మన జెర్రిపోతునూ ఇంగ్లీషులో ర్యాట్ స్నేక్ అనే అంటారు కానీ, ఇవి పాంథెరోఫిస్ అనే వేరే ప్రజాతి. ఉత్తరాన నల్లగా, ఫ్లోరిడాలో పసుపుగా ఉంటాయి. అందుకే చాలాకాలం రంగును చూసి ఉపజాతులుగా విడదీశారు. 2000లో శాస్త్రవేత్త బర్‌బ్రింక్ బృందం మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగం) డీఎన్‌ఏ చదివితే, అసలు చీలిక మిసిసిపీ నది, అపలాచియన్ కొండల వెంబడి కనిపించింది. రంగుకు దానితో పొత్తే కుదరలేదు.

అక్కడితో ఆగకండి. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి అది చెప్పేది తల్లుల వరస ఒక్కటే. తర్వాత కేంద్రక డీఎన్‌ఏ చూసినప్పుడు, ఈ వంశాలు ఎదురుపడే చోట సంకరం, అంటే ఒక వంశం మరో వంశంతో జతకట్టి పిల్లలు పెట్టడం, జరిగినట్టు తేలింది.

ఇలా మైటోకాండ్రియా, కేంద్రక డీఎన్‌ఏలతో గీసిన రెండు వంశవృక్షాలు కలవకపోతే వెంటనే "సంకరం" అనేయడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. పూర్వీకుల్లోనే ఒకే చోట రెండు రకాల డీఎన్‌ఏ అక్షరాలు (A, C, G, T) ఉండి, అవి పిల్ల జాతులకు ఎలా పడితే అలా పంచుకుపోయినా ఇదే గందరగోళం వస్తుంది. తేడా తెలియాలంటే లెక్కపెట్టాలి.

క, ఖ దగ్గరి చుట్టాలు, గ కాస్త దూరం, ఘ ఈ మూడింటికీ దూరమైన బయటి జాతి అనుకోండి. ఘలో లేని కొత్త అక్షరం ఖ–గ ల్లో మాత్రమే ఉన్న చోట్లు ఎన్ని? క–గ ల్లో మాత్రమే ఉన్నవి ఎన్ని? కేవలం యాదృచ్ఛికమైతే రెండూ ఇంచుమించు సమానంగా రావాలి, బొమ్మా బొరుసూ లాగా. మొదటిది 600, రెండోది 400 వచ్చాయనుకుందాం. తేడాను మొత్తంతో భాగిస్తే 200/1000, అంటే 0.2. తూకం ఖ–గ వైపు మొగ్గింది.

పక్కపక్క అక్షరాలు కలిసే వారసత్వంగా వస్తాయి కాబట్టి 1000 చోట్లను 1000 సాక్ష్యాలుగా లెక్కించకూడదు. జీనోమ్‌ను (మొత్తం డీఎన్‌ఏను) పెద్ద ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ పక్కన పెట్టి మళ్లీ లెక్క కట్టండి. మొగ్గు ప్రతిసారీ నిలబడితేనే నమ్మాలి. అప్పుడు కూడా ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో ఈ అంకె చెప్పదు.

ఇక మ్యాపు తీయండి. ఖ, గ ఎప్పుడైనా ఇరుగుపొరుగున బతికాయా? నైరుతి న్యూ మెక్సికోలో మొహావీ, ప్రెయిరీ ర్యాటిల్ స్నేక్‌లు ఇప్పటికీ సంకరమవుతున్నాయి. ఈనాడు దూరంగా ఉన్నవాటికి మంచుయుగాల్లో ఆవాసాలు ఎక్కడెక్కడ ఉండేవో వెతకాలి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

అభ్యాసం: ఖ–గ 310, క–గ 300. అంకె ఎంత? దాన్ని బట్టి సంకరం జరిగిందంటారా? జవాబు 5వ పాఠంలో.