కొత్తనీరు వచ్చే ముందు: హేవలాక్ వంతెన దగ్గర జాగ్రత్తలు

వానాకాలం మొదలై గోదావరి ఎర్రబడగానే రాజమహేంద్రవరం గట్టు మీద జనం పెరుగుతారు. అందరి చూపూ పాత వంతెన మీదే. 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసిన హేవలాక్ వంతెన అది. ఇప్పుడు రైళ్లు తిరగవు కదా అని పిల్లలు గర్డర్ల మీదికి ఎక్కేస్తున్నారు. దయచేసి ఎక్కనివ్వకండి. తుప్పు పట్టిన ఇనుము వానకు తడిస్తే చెప్పు నిలవదు, చెయ్యి పట్టు దొరకదు. ఉరుము వినబడితే ఆ దరిదాపుల్లోనే ఉండకండి.

అసలు భయం కింద ఉంది. పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని దగ్గరి స్తంభాన్ని కాసేపు గమనించండి. ఎగువన గుర్రపుడెక్క, కొమ్మలు చిక్కుకుని నురగ కడుతుంది. దిగువన నీరు వెనక్కి మళ్లి సుడి తిరుగుతుంది. ఎవరో నదిలో వదిలిన కొబ్బరికాయ ఆ సుడిలో గిర్రున తిరిగి మునిగి, ఎంతో దూరాన తేలడం నేను చూశాను. అలాంటి స్తంభాలు ఒడ్డు నుంచి ఒడ్డుకు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఎంత గజ ఈతగాడైనా వాటి జోలికి పోకూడదు.

దిగువన ధవళేశ్వరం ఆనకట్ట ఉండటం వల్ల వేసవిలోనూ ఇక్కడ నీరు నిలిచే ఉంటుంది. నిశ్చలంగా కనిపించినా లోతు తక్కువనుకోకండి. స్నానం మెట్ల దగ్గరే, మోకాలి లోతులోనే చేయండి.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. నా మాట వింటే అంతదాకా ఆగవద్దు. భద్రాచలంలో 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారని వినగానే ఇక్కడ నదిలో దిగడం మానేయండి. ఆ నీరంతా రావలసింది ఇటే.

పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ తొడుక్కోవడమే కాదు, బిగించి కట్టుకోండి. వరద రోజుల్లో స్తంభాల మధ్య నుంచి తీసుకెళ్లమని పడవవాళ్లను బతిమాలకండి.

పక్క వంతెనల మీద రైల్లో వెళ్తూ గోదావరికి దండం పెట్టుకునేవారు కూర్చున్నచోటనే పెట్టుకోవాలి, తలుపు దగ్గర వేలాడకూడదు. విసిరిన నాణెం కింద పడవలో ఉన్నవారి తలకు తగలవచ్చు.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకకండి. తాడో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసిరి, పడవవాళ్లను కేకేసి, 112కు ఫోను చేయండి.