కంపైలర్ బగ్గు పట్టుకుందాం, 4వ భాగం: మాస్క్ ఉన్న లోడు

పోయిన భాగంలో మామూలు వెక్టర్ లోడు (పక్కపక్కనున్న విలువల్ని మెమరీ నుంచి ఒకేసారి చదవడం) చూసీసాం కదా, ఇప్పుడు దానికి మాస్కు తగిలిద్దాం, అంటే ఏ లేన్ (వెక్టర్‌లో ఒక్కో విలువ ఉండే గడి) ఆన్‌లో ఉందో, ఏది ఆపీసామో చెప్పే బిట్లు. "ఆపీసిన లేన్‌ని ఎలాగూ వాడం కదన్నా, చదివీస్తే ఏటైపోద్ది?" అనీసి ఇద్దరు ముగ్గురు అడిగారు. ఈ భాగమంతా దానికి జవాబే.

నాలుగు 32 బిట్ల ఇంట్లు, మాస్కులో మొదటి మూడే ఆన్. ఏవీఎక్స్2 (ఎక్స్86 వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్ల సెట్) ఉన్న చిప్పులో దీనికి ఇన్‌స్ట్రక్షనే ఉంది, ఆపిన లేన్ జోలికి పోదు. ఉత్త ఎస్ఎస్ఈ2 (దానికన్నా పాత సెట్) అయితే అలాంటి లోడు లేదు, అందుకే ఎల్ఎల్‌వీఎం కంపైలర్ ఒక్కో లేన్‌కీ మాస్క్ బిట్ చూసి, ఆన్ అయితేనే బ్రాంచిలోకెళ్ళి ఆ ఒక్క ఎలిమెంటూ లోడ్ చేస్తది, లేదంటే పాస్‌త్రూ విలువ (ఆపిన లేన్ కోసం ముందే ఇచ్చింది) ఉంచీస్తది. కోడు చాంతాడంత అవుద్ది, చూస్తే చిరాకే, దాంతో 16 బైట్లూ ఒకేసారి లోడ్ చేసీసి సెలెక్ట్ (మాస్కు చూసి ఒక్కో లేన్‌కీ చదివినదో పాస్‌త్రూదో ఎంచేది) పెట్టీస్తే పోద్ది కదా అనిపిస్తది. మన ప్రాక్టీసు పాస్‌లో (కంపైలర్‌లో కోడుని మార్చే ఒక దశ) నేను కావాలని పెట్టిన బగ్గు అదే.

మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర వీధిలో నాలుగో ఇంటోళ్ళు పాలొద్దన్నారనుకోండి, ఆ గేటు తీసుకుని లోపలికెళ్ళి పాలు పొయ్యకుండా వచ్చీసాను అంటే కుక్క ఊరుకుంటదేటి?

ఎక్స్86లో మామూలు పేజీ (మెమరీని పంచే ముక్క) 4096 బైట్లు. ఎరే పేజీలో 4084 దగ్గర మొదలైతే మూడు ఎలిమెంట్లు, 12 బైట్లు, సరిగ్గా పేజీ చివరికి అయిపోతాయి. నాలుగోది పక్క పేజీ, అది మ్యాప్ అయ్యి లేకపోతే సెగ్‌ఫాల్ట్, ప్రోగ్రాం అక్కడే పడిపోద్ది. మాలోక్ చేసిన ఎరేతో టెస్టు రాస్తే ఇది దాదాపు దొరకదు, వెనకాల ఎంతోకొంత మెమరీ ఉంటది కాబట్టి. ఎమ్‌మ్యాప్‌తో రెండు పేజీలు తీసుకుని, రెండోదాన్ని ఎంప్రొటెక్ట్‌తో మూసీసి, ఎరేని మొదటి పేజీ చివర్న పెట్టండి, రన్ చెయ్యగానే పడిపోద్ది.

ఫిక్సు చిన్నదే. 16 బైట్లూ చదవొచ్చని కంపైలర్‌కి రుజువుంటేనే, అంటే అలోకాతో (స్టాక్ మీద) తీసుకున్న 16 బైట్ల బఫర్ లాంటిదైతేనే, సెలెక్ట్ దారి, లేదంటే బ్రాంచిలు. మాస్కు కాన్‌స్టెంట్ అయితే బ్రాంచిలూ అక్కర్లేదు, ఆన్ ఉన్నవాటికే లోడులు రాసీండి. అన్నట్టు పాత లోడుకి అలైన్‌మెంట్ (అడ్రస్ ఎంతతో భాగించబడాలో) 16 అని ఉంటే, ముక్కల లోడులకి దాన్ని అలాగే కాపీ కొట్టీకండి, రెండో ఎలిమెంట్ 4 బైట్ల అవతలుంటది కాబట్టి దానికి 4 మాత్రమే గ్యారంటీ.

మాస్కు ఉన్న స్టోర్ (మెమరీలో రాయడం) అయితే ఇంకా ఘోరం. మొత్తం చదివి, కలిపి, మొత్తం తిరిగి రాస్తే, ఈలోగా వేరే థ్రెడ్డు నాలుగో స్లాట్‌లో రాసింది కొట్టుకుపోద్ది, బఫర్ చదవొచ్చన్న రుజువు దీనికి పనికిరాదు. అది 5వ భాగంలో.

అప్పటిదాకా ఇది చెయ్యండి: మాస్కులో మొదటి లేన్ మాత్రమే ఆపీసి, పాయింటర్ రెండో పేజీకి 4 బైట్లు ముందు పెట్టి, ఈసారి మొదటి పేజీని మూసీసి రన్ చెయ్యండి.